తుమాసి మేస్త్రీ రీళ్ళ యంత్రం

తుమాసి ముందుకు ఏ పాడైన యంత్రం వచ్చినా, మూత విప్పి ముందు వాసన చూస్తాడు. కాలిన తీగది ఒక వాసన, కరిగిన రబ్బరుది ఒక వాసన, లోపల ఎలుక కాపురం పెడితే అదింకో వాసన. కుమాసి పట్నంలో మా అసాఫో వీధి నిండా జిరాక్స్ మిషన్లు, ప్రింటర్లు బాగుచేసేవాళ్ళే గానీ, మిషన్ మీద వాలిపోయి ముక్కు లోపల పెట్టేవాడు ఇతనొక్కడే. "మీ ఆయన మిషన్‌కి ముద్దులు పెడుతున్నాడే" అని పక్క కొట్టులో జడలు అల్లే ఆడవాళ్ళు అతని భార్య అచియాని ఆటపట్టిస్తుంటారు. "పెట్టనీయండి, ఎక్కడో ఒకచోట పెడుతున్నాడుగా" అంటుంది అచియా వేయించిన పల్లీలు నములుతూ.

అంతటి ముక్కున్న మనిషికి తన మంచం కిందే వస్తున్న పులుపు వాసన అన్నాళ్ళు ఎలా తెలియలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మంచం కింద ఉన్నవి అతని తండ్రి జాంఫి వదిలిపోయిన రేకు డబ్బాలు. జాంఫి సర్కారు సినిమా బండిలో పనిచేశాడు. తెర, ప్రొజెక్టరు, జనరేటరు, మైకు అన్నీ వేసుకుని ఊరూరా తిరిగే వ్యాను అది. సినిమాలేమో ఇంగ్లీషులో మాట్లాడేవి, ఊళ్ళవాళ్ళకేమో ఆ ముక్క రాదు. అందుకని జాంఫి సినిమా గొంతు తగ్గించేసి, మైకు పట్టుకుని తెర పక్కన నిలబడి, బొమ్మలన్నిటి తరఫునా తనే మా ట్వీ భాషలో మాట్లాడేవాడు. రైతు మాట్లాడినా ఆయనే, నర్సు మాట్లాడినా ఆయనే, చివరికి దోమ మాట్లాడినా ఆయనే.

ఊళ్ళకి ఊళ్ళని నవ్వించిన ఆ మనిషి ఇంట్లో మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఎప్పుడో ఒకసారి వచ్చి, దుంపలు దంచి చేసిన ఫుఫు ముద్ద తిని, గొంతుకి అల్లం నీళ్ళు పట్టించి పడుకునేవాడు. కుమాసిలో సినిమా హాళ్ళు ఉండేవి కాబట్టి బండి ఇక్కడ ఆగేది కాదు. తుమాసి తన తండ్రి ఆట ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. "తెర దగ్గర ఏం చెబుతావు నాన్నా?" అని చిన్నప్పుడు అడిగితే, "ఏముందిరా, చూసింది చెబుతాను" అనేవాడు. పోయేదాకా అదే జవాబు. ఎక్కడెక్కడి జనానికో గుర్తున్న ఆ మాటలు కన్నకొడుక్కి తెలియకపోవడం తుమాసికి ముల్లులా గుచ్చుకునేది.

బండ్లు మూలపడ్డప్పుడు, పారేయబోతున్న రీళ్ళని, ఒక ప్రొజెక్టరునీ జాంఫి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయిన చాన్నాళ్ళకి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, తుమాసి ఒక డబ్బా మూత తీసి అలవాటుగా ముక్కు పెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఏడుపు కాదు, పులుపు.

"ఇదా! కెంకే ముద్దలకి పులియబెట్టిన మొక్కజొన్న పిండి పాడైందనుకుని ఇన్నాళ్ళూ కుండలు తోముకుంటూ చస్తున్నాను" అంది అచియా.

ఫిల్ము ముసలిదైతే అలాగే పులుస్తుంది, పులిసి కుంచించుకుపోతుంది. తుమాసికి అప్పటికి ఆ సంగతి తెలియదు. ఉత్సాహం కొద్దీ రీలుని ప్రొజెక్టరుకి ఎక్కించాడు. ఫిల్ము అంచున ఉండే చిల్లుల్లో ప్రొజెక్టరు పళ్ళు దిగి దాన్ని ముందుకి లాగాలి. కుంచించుకుపోయిన ఫిల్ముకి ఆ పళ్ళు సరిపడలేదు. పరపరమని చింపుకుంటూ పోయాయి. అతను కేకేసి తీగ పీకేసరికి, సినిమా పేరూ ఊరూ ఉండాల్సిన మొదటి భాగమంతా పీలికలైంది.

మర్నాడు కొట్లో ఆ పీలికలు ముందేసుకుని దిగులుగా కూర్చుని ఉండగా, ఎఫిడువాసె నుంచి వంకాయలు తెచ్చి సంతలో అమ్ముకునే సార్పొమా అవ్వ ఓటు కార్డు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చింది.

"ఏంటి నాయనా ఆ రిబ్బను?"

"మా నాన్నది అవ్వా. సినిమా బండిలో చెప్పేవాడు."

"ఎవరు, జాంఫియా?" అవ్వ నెత్తిమీద బేసిన్ దించింది. "తుమ్మినా ఊరంతా వినపడేది, ఆ జాంఫియేనా?"

"ఆయనే."

"అయితే మా అమ్మ నీ దగ్గరుంది" అంది అవ్వ.

తుమాసి తెల్లబోయాడు. అవ్వ స్టూలు లాక్కుని కూర్చుంది. తన చిన్నప్పుడే తల్లి తివా పోయిందనీ, తల్లికి ఒక్క ఫోటో కూడా లేదనీ, కానీ జాంఫి తెచ్చిన సినిమాలో ఆవిడ ఉందనీ చెప్పింది. పొయ్యి దగ్గర నీళ్ళు కాస్తుంది, గుడ్డలో వడకడుతుంది, పెద్దాయనకి సొరబుర్రలో పోసి ఇస్తుంది. పక్కన మచ్చల మేక కట్టేసి ఉంటుంది.

"అప్పుడు నాకేసి చూసి మాట్లాడింది. పేరు పెట్టి పిలిచింది" అంది అవ్వ. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించింది. ఆ సందుని మావాళ్ళు అందమంటారు. "ఇదిగో, ఈ సందు మా అమ్మదే. ఇదొక్కటే గుర్తుంది. మొహం జారిపోయింది నాయనా. ఎంత తలుచుకున్నా మా పెద్దమ్మ మొహమే వచ్చి కూర్చుంటోంది. ఒక్కసారి చూపించు, చాలు. ఎడంకన్ను ఇప్పటికే పోయింది. రెండోది ఎన్నాళ్ళుంటుందో."

అవ్వ వెళ్ళిపోయాక తుమాసి ఆ పీలికలొచ్చిన డబ్బా మూతమీద ఉన్న పాత చీటీ చూశాడు. తండ్రి రాతలో 'కాచిన నీళ్ళు' అని ఉంది. అవ్వ చెప్పిన సినిమానే నిన్న తను చింపుకున్నాడు.

పళ్ళు లేని యంత్రం కావాలి. ఫిల్ముని లాగకుండా, పీకకుండా, అరచేతిలో నడిపించినట్టు నడిపించి, ఒక్కో బొమ్మకీ ఫోటో తీసే యంత్రం. అలాంటిది కొనాలంటే కొట్టు అమ్ముకున్నా చాలదు. సరే, మన దగ్గర లేనిదేముంది అనుకున్నాడు తుమాసి. కొట్టు వెనక చచ్చిన ప్రింటర్లు గుట్టగా పడి ఉన్నాయి.

కాగితాన్ని మెత్తగా లాగే రబ్బరు రోలర్లు ఊడదీశాడు. ఆగి ఆగి కొంచెం కొంచెంగా తిరిగే చిన్న మోటారు ఒకటి తీశాడు. జిరాక్స్ మిషన్ లోపల కాగితం వచ్చిందా లేదా అని కనిపెట్టే చిన్న కన్ను ఒకటుంటుంది. దాన్ని తెచ్చి ఫిల్ము అంచున పెట్టాడు. చిల్లు కనపడగానే ఆ కన్ను కెమెరాకి చెబుతుంది, కెమెరా టక్కుమంటుంది. వెనక నుంచి వెలుగు సమంగా రావడానికి ఐస్‌క్రీం డబ్బా తెల్లమూత అడ్డం పెట్టి, దాని వెనక ఎల్ఈడీ బల్బు బిగించాడు. సంతలో కొన్న పాత కెమెరా దగ్గరి వస్తువుని చూడలేకపోయింది. లెన్సు తిరగేసి బిగిస్తే చీమ కాలుమీది వెంట్రుకలు కూడా చూపించింది. అది కనిపెట్టిన రోజు అతను పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఉప్పుగల్లునీ, అచియా గాజునీ, తన గోరునీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు కొట్టుకి వచ్చినవాళ్ళందర్నీ అచియా తిట్టుకుంటూ రేపు రమ్మని పంపేసింది.

ఫిల్ము జారే దారి గీతలు పడకుండా మెత్తగా ఉండాలి. శవపేటికల కొట్టుకెళ్ళి ముఖమల్ ముక్కలు అడిగాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు పేటికలవాడు కంగారుగా.

"ఎవరూ పోలేదు. ఒకావిడని వెనక్కి తెస్తున్నాను" అన్నాడు తుమాసి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ వీధివాళ్ళు అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారంటే వాళ్ళ తప్పేం లేదు.

మొదటిసారి తీసిన బొమ్మలు వరసపెట్టి కంప్యూటర్లో ఆడిస్తే మనుషులందరూ మలేరియా వచ్చినట్టు వణికారు. రోలరు బిగువు సరిచేశాడు. హర్మటాన్ గాలి మొదలై ఎడారి దుమ్మంతా ఊరిమీద పడింది, ఒక్కో దుమ్ముకణం బొమ్మలో బండరాయంత కనిపించింది. యంత్రం చుట్టూ దోమతెర కట్టి, దాని మీద తడిగుడ్డ కప్పాడు. కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే లారీ బ్యాటరీ తగిలించాడు. సంతకి వచ్చినప్పుడల్లా సార్పొమా అవ్వ కొట్లోకి తొంగిచూసి, "మా అమ్మ ఎందాకా వచ్చింది?" అని అడిగేది. "దారిలో ఉంది అవ్వా" అనేవాడు.

ఆఖరికి బొమ్మలు నిలబడ్డాయి. ఒక్క సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య సొరబుర్ర వెంట్రుకవాసి కదులుతుంది, మేక చెవి కాస్త వాలుతుంది. తుమాసి ఒక్కో బొమ్మనే ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఒళ్ళు మరిచిపోయాడు. తండ్రి తన జన్మంతా ఈ బొమ్మల పక్కన నిలబడ్డాడు గానీ, ఇంత దగ్గరగా ఆయన కూడా చూసి ఉండడు.

అచియా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మొహం చిట్లించింది.

"ఏంటయ్యా ఇది? పెద్దమనిషికి ఎడంచేత్తో నీళ్ళిస్తోంది! ఎవరి పెంపకం?"

"ఎడమచెయ్యి వాటమేమో."

"వాటమైనా సరే, పెద్దాయనకి ఎడంచేత్తో ఇస్తుందా? అటు చూడు, ఆయనా ఎడంచేత్తోనే అందుకుంటున్నాడు! ఊరు ఊరంతా మర్యాద మరిచిపోయిందా, లేకపోతే నువ్వు తిరగేసి పెట్టావా?"

తుమాసి నెత్తి కొట్టుకున్నాడు. ఫిల్ముకి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. ఏ వైపు నుంచి చూసినా బొమ్మ కనపడుతుంది గానీ, తప్పు వైపు నుంచి చూస్తే అద్దంలోలా తారుమారవుతుంది. పేరు ఉన్న భాగం మిగిలుంటే అక్షరాలే చెప్పేవి, దాన్ని తనే చింపుకున్నాడు. కంప్యూటర్లో బొమ్మల్ని తిరగేశాడు. ఆవిడ కుడిచేత్తో నీళ్ళిచ్చింది, పెద్దాయన కుడిచేత్తో అందుకున్నాడు. "ఇప్పుడు మనుషుల్లా ఉన్నారు" అని అచియా లోపలికి వెళ్ళింది.

సంబరం ఆపుకోలేక తుమాసి ఆవిడ బొమ్మ ఒకటి అచ్చుతీసి కొట్లో గోడకి అంటించాడు. అవ్వ వచ్చేలోపు తనే కళ్ళారా చూసుకోవాలనిపించింది. కానీ అవ్వకంటే ముందుగా దాన్ని చూసింది టెపా నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒపోంగ్.

"ఇదేంటి మేస్త్రీ, మా ఎకువా అత్త ఫోటో నీ గోడమీదుంది?"

"మీ అత్తా?"

"మా అత్త కాకపోతే మీ అత్తా? ఆ మేకని చూసి పట్టేశాను. మా ఊరికి సినిమా బండొచ్చినప్పుడు ఈవిడ చేతే ఊరందర్నీ తిట్టించాడు ఆ చెప్పేవాడు. ఏట్లో బట్టలుతికి ఆ నీళ్ళే తాగుతారా గాడిదల్లారా అని. అప్పుడు మా అత్త నా పక్కనే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది."

"నీ పక్కన కూర్చున్నావిడ తెరమీద ఎలా ఉంటుందయ్యా?"

ఒపోంగ్ అతన్ని జాలిగా చూశాడు. "సినిమా కదా మేస్త్రీ. ఉంటుంది."

ఆ వారంలోనే ఒబువాసి నుంచి వచ్చిన మంగలి ఒకాయన అదే బొమ్మ చూసి, అది తన పెద్దక్క అని కొట్టు గడపమీద ప్రమాణం చేశాడు. తుమాసికి అప్పుడు వెలిగింది. చిన్నప్పుడు అమ్మ విసుక్కుంటూ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఏ ఊరెళ్ళినా నాన్న ముందు తెర కట్టడట. కల్లు అమ్మేవాళ్ళ దగ్గరా, మంగలి దగ్గరా కూర్చుని ఆ ఊళ్ళో ఎవరికి పెళ్ళయింది, ఎవరు పోయారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు అని అడిగి తెలుసుకునేవాడట. చీకటి పడ్డాక ఆ పేర్లన్నీ తెరమీది మనుషులకి తగిలించేవాడన్న మాట. ఒక్క రీలు, ఒక్క ఆడమనిషి. ఊరూరా ఆవిడకి ఒక కొత్త పేరు.

అతను కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మల్ని చివరిదాకా జరిపాడు. నీళ్ళిచ్చాక ఆవిడ కెమెరాకేసి తిరిగి ఏదో అంటుంది, తర్వాత పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంది. పళ్ళు దగ్గర దగ్గరగా, మొక్కజొన్న గింజల్లా పేర్చినట్టున్నాయి. సందు అన్న మాటే లేదు.

"ఆ నవ్వు తీసేసెయ్" అంది అచియా, సంగతంతా విని. "ఎన్ని బొమ్మలుంటాయి? పీకి పారెయ్. మిగతాది చూపించు. ముసల్ది సంతోషంగా పోతుంది. నీ సొమ్మేం పోయింది?"

తీసేశాడు. నవ్వు లేకుండా ఆడించి చూశాడు. అతుకు కూడా తెలియలేదు. ఆవిడ ఎవరి తల్లైనా కావచ్చు అన్నట్టు శుభ్రంగా ఉంది. అది చూస్తే అతనికి ఒళ్ళు మండింది. తండ్రి మీద మండిందో, తన మీద మండిందో తెలియదు.

"నాన్న లేనిది చెప్పాడు. నేను ఉన్నది దాచాలా?" అన్నాడు.

"అయితే వెళ్ళి ఆవిడ మొహం మీదే చెప్పు, మీ అమ్మ కాదు, ఎవరో దారినపోయే మనిషి అని! దేనికయ్యా నీ యంత్రం, ఉన్న ఒక్క అమ్మనీ లాక్కోడానికా?"

తుమాసి మాత్రం నవ్వుని తీసుకొచ్చి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. గోడమీది బొమ్మ చింపేశాడు.

తర్వాతి సంతనాడు మధ్యాహ్నం సార్పొమా అవ్వ వచ్చింది. చావుకో పెళ్ళికో వెళ్తున్నట్టు మంచి బట్ట కట్టుకుని, తలకి కొత్త గుడ్డ చుట్టుకుని వచ్చింది. వంకాయలు అమ్మలేదు, ఒక బేసిన్ నిండా వీళ్ళకే తెచ్చింది. తుమాసి షట్టరు సగందాకా దించాడు. అచియా స్టూలు తెర దగ్గరికి జరిపి, అవ్వ కుడికన్నుకి సరిగ్గా ఎదురుగా వేసింది.

బొమ్మ మొదలైంది. గొంతు లేదు, చప్పుడు లేదు. యంత్రం బొమ్మలు తప్ప ఇంకేం తీయలేదు. పొయ్యి రాజుకుంది. మేక తల విదిలించింది. ఆవిడ వంగి నీళ్ళు వడకట్టింది.

"అదిగో" అంది అవ్వ. ముందుకి వంగింది. "అదిగో, ఆ పొయ్యే."

ఆవిడ పెద్దాయనకి నీళ్ళిచ్చింది. ఇటు తిరిగింది. పెదవులు కదిపింది. తుమాసి చెయ్యి బటన్ మీద ఉంది. ఆపేస్తే ఆగిపోతుంది, నవ్వు రాదు. అతను ఆపలేదు. ఆవిడ నవ్వింది.

"మళ్ళీ తిప్పు" అంది అవ్వ. మళ్ళీ తిప్పాడు. నవ్వు దగ్గర వేలెత్తి ఆపమంది. తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా జరిగి చూసింది.

"ఈవిడ మా అమ్మ కాదు."

"కాదవ్వా" అన్నాడు తుమాసి.

"నీకు తెలుసా?"

"తెలుసు. మా నాన్న ప్రతి ఊళ్ళోనూ ఈవిడకో పేరు పెట్టాడు."

అవ్వ లేచి నిలబడింది. "దొంగ వెధవ!" అంది. "సచ్చినోడు! ఎంతమందికి చెప్పుకున్నాను, మా అమ్మ సినిమాలో ఉందని! నా పిల్లలకి చెప్పాను, మనవలకి చెప్పాను!" బేసిన్ ఎత్తుకోబోయింది. ఎత్తుకోకుండానే మళ్ళీ కూర్చుండిపోయింది. అచియా వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యివేసింది. భర్తకేసి చూసిన చూపుకి తుమాసి తల దించుకున్నాడు.

కాసేపటికి అతను మెల్లిగా అడిగాడు. ఇన్నేళ్ళుగా లోపల ఉన్న ప్రశ్న, ఈ వేళ అడక్కూడదని తెలిసీ అడిగాడు.

"అవ్వా, ఆ రోజు మా నాన్న ఏం చెప్పాడు?"

అవ్వ కొంగుతో కన్ను ఒత్తుకుంది. తెరమీద ఆగిపోయిన నవ్వుకేసి చూస్తూ చెప్పింది.

"అమ్మ పోయి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. మా పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. ఆమె చేతి ముద్ద నేను ముట్టలేదు. అది తింటే అమ్మ పోయినట్టే అనుకున్నాను. ఎండుకుపోయాను. ఈ పిల్ల కూడా దక్కదని పెద్దమ్మ ఏడ్చేది. అప్పుడొచ్చింది బండి. ఎత్తుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇదిగో ఈవిడ ఇలా తిరిగింది. సార్పొమా, నేను తివాని, అంది. ఇక్కడ నాకు చేతినిండా పనుంది, రాలేను, అంది. మీ పెద్దమ్మ వండింది తిను, అది కూడా నా చెయ్యే, అంది. తిన్నావా తల్లీ, అని అడిగింది. ఆ తర్వాత ఇలాగే నవ్వింది."

షట్టరు కింద నుంచి వీధి చప్పుడు వినిపిస్తోంది. తండ్రి మాట తుమాసి చెవిన పడింది, అదీ ఒక ముసలావిడ గొంతులో. చూసింది చెబుతానన్నాడు. ఆయన చూసింది తెరని కాదు, ముందు వరసలో కూర్చున్న ఎండిపోయిన పిల్లని.

"ఆ రాత్రే తిన్నాను. పెద్దమ్మ చేత్తోనే తిన్నాను" అంది అవ్వ. తెరకేసి చూసింది. "ఈవిడ ఎవరో పాపం. ఎవరి తల్లో. ఆవిడ చెప్పిందని నేను బతికానని ఆవిడకి తెలియనే తెలియదు."

"పేరు ఉన్న ముక్క నేనే చింపేశాను అవ్వా."

"పోనీలే. మళ్ళీ తిప్పు."

తుమాసి మొదటి నుంచి తిప్పాడు. పొయ్యి, మేక, వడకట్టిన నీళ్ళు. పెద్దాయన తాగాడు. ఆవిడ ఇటు తిరిగి పెదవులు కదిపింది. సార్పొమా అవ్వ స్టూలు మీద నిటారుగా కూర్చుని, తలగుడ్డ సర్దుకుంది.

"తిన్నానమ్మా" అంది. "కడుపునిండా తిన్నాను."